రెండోసారీ గ్యాస్కెట్ పోయిందంటే హెడ్ చూడాలి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పత్తి, మిర్చి సాళ్ల మధ్య కలుపు తీయడానికి పవర్ వీడర్ వాడుతున్నాం. దానికి 163 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉంది, గాలితో చల్లబడే రకం. పోయిన సీజన్లో తాడు లాగితే బిగువు తగ్గింది. హెడ్ పక్క నుంచి చఫ్ చఫ్‌మని గాలి కొడుతూ అక్కడంతా మసి పట్టేది. మెకానిక్ విప్పి హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ మీది మూతలాంటి హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య గ్యాస్ పోకుండా వేసే పలక) మార్చాడు. వారం తిరక్కుండానే మళ్లీ అదే చోట పోయింది. ఇప్పుడేమో హెడ్ బెండ్ అయింది, కొత్తది వేయాలి అంటున్నాడు. మా అబ్బాయి డిప్లొమా మెకానికల్ చదువుతున్నాడు. అద్దం మీద ఎమరీ పేపర్ పరిచి హెడ్‌ని రుద్దితే చదునవుతుంది, ఇంట్లోనే చేద్దాం అంటున్నాడు. అల్యూమినియం కదా, ఉన్నది కాస్తా పాడవుతుందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఆ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? చేస్తే ఎలా చేయాలి?

జవాబు: మీ అబ్బాయి చెప్పిన పద్ధతి పనిచేస్తుంది. మీ ఇంజన్ హెడ్ అరచేయంత ఉంటుంది, మెత్తటి అల్యూమినియం, ఒక్కటే సిలిండర్. చేత్తో రుద్ది చదును చేయడానికి ఇంతకంటే అనువైన హెడ్ ఉండదు. కారు హెడ్ లాంటి పొడుగాటి వాటిని ఇలా చేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. అవి లేత్ వర్క్స్‌లో మెషిన్ మీద ఫేసింగ్, అంటే ముఖం చదును, చేయించాల్సినవే.

కాకపోతే ఒక మాట. రుద్దడం తేలిక. ఎంత వంపు ఉందో ముందు కొలవడం, ఎక్కడ ఆపాలో తెలియడం, ఇవే అసలు పని. కొలవకుండా ఎమరీ పేపర్ చేత్తో పట్టుకోవద్దు. కొలిస్తేనే కొత్త హెడ్ అవసరమా, రుద్దితే సరిపోతుందా, అసలు తప్పు హెడ్‌దేనా అన్నది తేలుతుంది.

రెండో గ్యాస్కెట్ కూడా అదే చోట పోయిందని రాశారు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. గ్యాస్కెట్ నాణ్యత బాగాలేక పోతే ఎక్కడైనా పోవచ్చు. అదే చోట పోయిందంటే అక్కడ హెడ్‌కో బ్లాక్‌కో పల్లం ఉంది. బోల్టులు ఎంత బిగించినా ఆ పల్లంలో గ్యాస్కెట్ నలగదు. పేలుడు జరిగిన ప్రతిసారీ వేడి గ్యాస్ ఆ సందులోంచి దూరి గ్యాస్కెట్ అంచును కాల్చుకుంటూ పోతుంది. పాత గ్యాస్కెట్ పారేయకపోతే ఒకసారి తీసి చూడండి. మీ ఇంజన్ లాంటి వాటిలో బోరుకు (పిస్టన్ తిరిగే రంధ్రం), వాల్వులను తెరిపించే పుష్ రాడ్లు వెళ్లే గదికి మధ్య సన్నటి గోడ ఒకటి ఉంటుంది. చాలాసార్లు కాలేది అక్కడే. అక్కడ కాలితే గ్యాస్ బయటికి రాకుండా క్రాంక్ కేసులోకి పోతుంది, బ్రీదర్ గొట్టం ద్వారా ఆయిల్ చిమ్ముతుంది, ఎయిర్ ఫిల్టర్ నూనె నూనె అవుతుంది. సైలెన్సర్ నుంచి తెల్లటి నీలం పొగ వస్తే రింగులు పోయాయనుకుని పిస్టన్ మార్చేసిన వాళ్లున్నారు. మీకు గాలి బయటికే కొడుతోంది కాబట్టి ఆ అయోమయం లేదు. అయినా మధ్య గోడను కూడా పరీక్షగా చూడండి.

ఇక కొలత. హెడ్‌ని శుభ్రంగా తుడిచి, గ్యాస్కెట్ ఆనే ముఖం పైకి వచ్చేలా బల్ల మీద పెట్టండి. నిటారుగా ఉండే ఒక అంచు కావాలి. మెకానికల్ ల్యాబ్‌లో దొరికే స్ట్రెయిట్ ఎడ్జ్ అయితే మంచిది. లేకపోతే మంచి స్టీలు మూలమట్టం బద్ద పనికొస్తుంది, ప్లాస్టిక్ స్కేలు వద్దు. దాన్ని ముఖం మీద నిలువు అంచుతో ఆనించి, నాలుగు పక్కలా, రెండు మూలల నుంచి మూలలకీ చూడాలి. అవతలి వైపు టార్చి లైటు పెడితే సందు ఉన్నచోట వెలుగు గీత కనిపిస్తుంది. ఆ సందులో ఫీలర్ గేజ్ రేకులు (మందం రాసి ఉండే సన్నటి స్టీలు రేకులు) ఒక్కొక్కటే దూర్చి చూడండి. 0.05 మిల్లీమీటర్ల రేకు దూరిందా, 0.10 దూరిందా, 0.15 దూరిందా అని కాగితం మీద రాసుకోండి. ఏ దిక్కున ఎంత అన్నది కూడా రాయండి.

మీ తరహా ఇంజన్లకు మాతృక లాంటిది హోండా జీఎక్స్160. 68 మిల్లీమీటర్ల బోరు, 45 మిల్లీమీటర్ల స్ట్రోకు, 163 సీసీ. మార్కెట్లో వీడర్లకు, నీళ్ల మోటార్లకు వచ్చే ఇంజన్లలో చాలావరకు ఇదే డిజైన్‌కు నకళ్లు. దాని మాన్యువల్లో హెడ్ వంపుకు ఇచ్చిన హద్దు 0.10 మిల్లీమీటర్లు. అంటే జిరాక్స్ కాగితం ఒక్కటి పట్టేంత సందు. అంతకు తక్కువ ఉంటే హెడ్ జోలికి పోకండి. తప్పు బ్లాక్ ముఖానిదో, బోల్టుల బిగింపుదో అయి ఉంటుంది. 0.10 దాటి 0.20, 0.25 వరకూ ఉంటే రుద్దడానికి సరిగ్గా సరిపోయే కేసు. అంతకు మించితే చేత్తో గంటల తరబడి రుద్దాలి, రుద్దేకొద్దీ చేయి అలిసి ముఖం ఒక పక్కకు వాలుతుంది. అలాంటిది లేత్ దగ్గరికి తీసుకెళ్లడమే మేలు. మీకు ఖమ్మంలోనే దొరుకుతారు. విజయవాడ ఆటోనగర్ దాకా పోనక్కర్లేదు.

వంపుతో సంబంధం లేకుండా రెండు చూడండి. ఒకటి పగులు. రెండు వాల్వు సీట్ల మధ్య, ప్లగ్గు రంధ్రం దగ్గర వెంట్రుక లాంటి గీత కనబడితే కొత్త హెడ్డే శరణ్యం. రెండోది గ్యాస్ కోసిన గాడి. గ్యాస్కెట్ పోయాక కూడా అలాగే నడిపితే వేడి గ్యాస్ అల్యూమినియంని కోసి కాలవలా చేస్తుంది. గోరుతో అడ్డంగా గీస్తే తగులుతుంది. లోతు తక్కువైతే రుద్దేటప్పుడే పోతుంది. లోతుగా ఉంటే, దాన్ని పోగొట్టడానికి ముఖమంతా అంత లోతు తీయాల్సి వస్తుంది కాబట్టి మెకానిక్ మాటే వినండి.

హెడ్ ఇప్పటికే విప్పి ఉందేమో తెలియదు. విప్పకపోతే, ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. వేడి మీద బోల్టులు వదులు చేస్తే బాగున్న హెడ్ కూడా వంగుతుంది. నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, ఒక్కోదాన్ని కొంచెం కొంచెం వదులు చేయాలి. పుష్ రాడ్లు రెండూ ఏది ఇన్‌టేక్‌దో ఏది ఎగ్జాస్ట్‌దో గుర్తు పెట్టుకోండి. అరుగుదలలు ఒకదానికొకటి కలిసిపోయి ఉంటాయి, తారుమారు చేయకూడదు. ప్లగ్గు తీసేయండి. వాల్వులు, స్ప్రింగులు కూడా తీసేయమనే నా సలహా. వాల్వులు ముఖం కంటే లోపలికే ఉంటాయి కాబట్టి రుద్దడానికి అడ్డం రావు, కానీ ఎమరీ పొడి వాల్వు గైడ్లలోకి దూరితే దాన్ని కడిగి తీయడం కష్టం. జీఎక్స్160 తరహాలో ఎగ్జాస్ట్ వాల్వు కాడ మీద చిన్న టోపీ లాంటి ముక్క ఉంటుంది. అది జారి మట్టిలో పడితే ఇక దొరకదు, ముందే తీసి డబ్బాలో వేసుకోండి. హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య గుల్ల పిన్నులు రెండుంటాయి. కొన్నిసార్లు అవి హెడ్‌కే అంటుకుని వస్తాయి. అవి ఉండగా రుద్దితే హెడ్ అద్దం మీద ఆనదు. ప్లయర్‌తో నలిపేయకుండా, లోపల సరిపోయే బోల్టు ముక్క ఒకటి దూర్చి పట్టి తిప్పుతూ లాగండి.

పాత గ్యాస్కెట్ ముక్కలు, కార్బన్ తీయడానికి చెక్క ముక్కో గట్టి ప్లాస్టిక్కో వాడండి. స్క్రూడ్రైవర్ తగిలితే పడే గీత మనం తీయబోయే 0.10 కంటే లోతుగా ఉంటుంది. డీజిల్లో రాత్రంతా నానబెడితే కార్బన్ మెత్తబడుతుంది. కాస్టిక్ సోడాలో వేయమని ఎవరైనా చెబితే వినకండి. ఇనుముకు ఫర్వాలేదు గానీ అల్యూమినియంని అది తినేస్తుంది, మండే గ్యాసు కూడా పుడుతుంది. పాత ఇంజన్ల గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఏ గ్యాస్కెట్‌నీ పొడిగా గీకి దుమ్ము లేపకండి, తడిపి తీయండి.

ఇప్పుడు అద్దం. గాజు షాపులో 10 లేదా 12 మిల్లీమీటర్ల మామూలు ఫ్లోట్ గ్లాసు ముక్క అడగండి, అడుగు పొడవు అడుగు వెడల్పు చాలు. అంచులు రుద్ది ఇమ్మనండి, చేయి తెగకుండా. కరిగిన తగరం మీద కరిగిన గాజును పారబోసి చల్లార్చి చేసే గాజు ఇది. 1950లలో ఇంగ్లండులోని పిల్కింగ్టన్ కంపెనీ ఈ పద్ధతిని పట్టుకొచ్చింది. అందుకే ఇంత తక్కువ ధరకు ఇంత చదును దొరుకుతోంది. టీపాయ్ మీది టఫెన్డ్ గ్లాస్ మాత్రం వద్దు. దాన్ని కాల్చి గట్టిపరిచేటప్పుడు రోలర్ల మీద అలలు పడతాయి. వంటింటి గ్రానైట్ గట్టు మెరుస్తుంది గానీ చదునుగా ఉందన్న భరోసా లేదు. మీ అబ్బాయి కాలేజీలో సర్ఫేస్ ప్లేట్ (చదును సరిచూసే కొలత పలక) ఉంటే అద్దాన్ని దానితో పోల్చి చూడొచ్చు గానీ సర్ఫేస్ ప్లేట్ మీద ఎమరీ పెట్టి రుద్దడం పాపం. ఆ పని చేయనివ్వకండి. అద్దం కింద గట్టి బల్ల ఉండాలి, మధ్యలో తడి న్యూస్‌పేపర్ రెండు పొరలు పరిస్తే అద్దం జారదు, ఊగదు.

ఎమరీ పేపర్ అంటే ఇక్కడ నల్లటి వాటర్ పేపర్. 220, 320, 400 నంబర్లవి తీసుకోండి. వంపు 0.15 దాటితే మొదలుపెట్టడానికి 120 ఒక షీటు. పేపర్‌ని తడిపి అద్దానికి అంటించి అంచులు టేపుతో బిగించండి. కింద నీటి బుడగ గానీ ఇసుక రేణువు గానీ ఉంటే ఆ చోట హెడ్‌కి గుంట పడుతుంది. పైన కాస్త డీజిల్ పోస్తే అల్యూమినియం పొడి పేపర్ పళ్లలో ఇరుక్కోదు. కిరసనాయిలు దొరికితే ఇంకా మంచిది. నీళ్లయినా పనిచేస్తాయి, పేపర్ త్వరగా పట్టేస్తుంది అంతే. పెట్రోలు వద్దే వద్దు.

రుద్దే ముందు హెడ్ ముఖమంతా మార్కర్ పెన్నుతో అడ్డం నిలువు గీతలు గీయండి. ఇది మానకండి, ఈ గీతలే మీకు దారి చూపిస్తాయి. హెడ్‌ని మెల్లగా పేపర్ మీద పెట్టి నాలుగైదు సార్లు మాత్రం తిప్పి ఎత్తి చూడండి. గీత చెరిగిన చోట ఎత్తు, మిగిలిన చోట పల్లం. మీ కాలిన గ్యాస్కెట్‌ని పక్కన పెట్టి పోల్చండి. తప్పు నిజంగా హెడ్‌దే అయితే, మార్కర్ గీత చెక్కుచెదరని చోటూ గ్యాస్కెట్ కాలిన చోటూ ఒకదాని మీద ఒకటి సరిపోతాయి. అలా సరిపోకపోతే ఆగి, బ్లాక్ ముఖం కొలవండి.

రుద్దేటప్పుడు పట్టు ముఖ్యం. హెడ్ పైభాగాన రాకర్ (పుష్ రాడ్ నెడితే వాల్వును నొక్కే మీట) వైపు బరువు ఎక్కువ, ఆకారం కుదురుగా ఉండదు. పైనుంచి పట్టుకుని నెడితే ముందు అంచు పేపర్‌లోకి దిగి, వెనక అంచు లేస్తుంది. అలా కాసేపు చేస్తే అంచులు గుండ్రమై, మధ్య ఉబ్బుగా మిగులుతుంది, మొదటి కంటే అధ్వాన్నం. కాబట్టి వేళ్లు వీలైనంత కిందికి, ముఖానికి దగ్గరగా పెట్టి పట్టుకోవాలి. కిందికి నొక్కొద్దు, హెడ్ బరువు చాలు. మీ చేతులు పక్కలకు నడిపిస్తే సరిపోతుంది. ఎనిమిది అంకె వేసినట్టు తిప్పండి. పదిసార్లు అయ్యాక హెడ్‌ని పావు వంతు తిప్పి మళ్లీ పది. మన కుడిచేయి తెలియకుండానే ఒక పక్క ఎక్కువ నొక్కుతుంది, తిప్పుతూ ఉంటే ఆ తేడా అన్ని పక్కలకూ సమంగా పంచుకుంటుంది. పేపర్ అంతటినీ వాడండి, ఒకే చోట తిప్పితే అక్కడ పేపర్ అరిగి మధ్యలో కోత తగ్గుతుంది. బూడిద రంగు బురద పేరుకుంటే తుడిచి మళ్లీ డీజిల్ వేయండి. శబ్దం వింటూ ఉండండి. కోస్తున్నప్పుడు సరసరమని ఒకే తీరుగా వస్తుంది, పేపర్ పట్టేస్తే ఆ చప్పుడు మందగించి హెడ్ జారినట్టు అనిపిస్తుంది. అప్పుడు పేపర్ మార్చడమే, బలం పెంచడం కాదు.

గీతలన్నీ చెరిగాయనగానే సంతోషపడకండి. మళ్లీ మార్కర్ గీసి, కొత్త 320 పేపర్ మీద నాలుగైదు తిప్పులు తిప్పి చూడండి. ఈసారి గీతలు ముఖమంతా ఒకేసారి పలచబడాలి. ఒక మూల ముందు, ఒక మూల తర్వాత పోతోందంటే ఇంకా పని ఉంది. ఇది సరైతే స్ట్రెయిట్ ఎడ్జ్‌తో మళ్లీ ఆరు దిక్కులా కొలవండి. 0.05 రేకు ఎక్కడా దూరకపోతే అక్కడితో ఆపేయండి. చివర 400 మీద కొద్దిసేపు రుద్దితే చాలు, అద్దంలా మెరిపించాల్సిన పని లేదు. గ్యాస్కెట్ పట్టుకోవడానికి ఆ సన్నటి గరుకు ఉండనివ్వండి. గ్యాస్కెట్ ఆనే చోట కాకుండా బయటి అంచులో ఎక్కడో చిన్న మచ్చ మిగిలిందని దాని కోసం ఇంకా అరగదీయకండి. బోరు చుట్టూ వలయం, పుష్ రాడ్ గది చుట్టూ గట్టు, ఈ రెండూ సమంగా ఉండాలి. మిగతాది చూపుకే.

ఎంత తీశారో తెలియాలంటే మొదలుపెట్టకముందే వెర్నియర్‌తో హెడ్ మందం నాలుగు మూలల్లో కొలిచి రాసుకోవాలి. దీనివల్ల కంప్రెషన్ పెరిగి ఇంజన్ కొట్టుకుంటుందని కొందరు భయపెడతారు. లెక్క చూద్దాం. 163 సీసీ, 8.5 కంప్రెషన్ రేషియో అనుకుంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు సుమారు 21.7 సీసీ. 68 బోరుకు ముఖం మీద 0.10 తీస్తే అందులో తగ్గేది ఎక్కువలో ఎక్కువ 0.36 సీసీ. రేషియో 8.5 నుంచి 8.6కు చేరుతుంది. ఇంజన్‌కు అది తెలియను కూడా తెలియదు.

తెలిసేది ట్యాపెట్‌కు, అంటే రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండే సందుకు. హెడ్ 0.10 కిందికి దిగితే రాకర్ కూడా అంతే దిగుతుంది, పుష్ రాడ్ పొడవు మాత్రం మారదు. అంటే వాల్వు సందు దాదాపు అంత తగ్గిపోతుంది. ఈ ఇంజన్లో ఉండాల్సింది ఇన్‌టేక్‌కు 0.15, ఎగ్జాస్ట్‌కు 0.20 మిల్లీమీటర్లు. అందులోంచి 0.10 పోతే ఇన్‌టేక్‌కు మిగిలేది 0.05. వేడెక్కి కాడ సాగాక వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు అయితే అంచు కాలిపోతుంది. హెడ్ ఫేసింగ్ చేశాక వాల్వులు కాలాయని నింద వేసే వాళ్లలో చాలామంది ట్యాపెట్ సెట్ చేయడం మరిచినవాళ్లే. కాబట్టి బిగించాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి ఈ రెండు సందులూ తప్పనిసరిగా సరిచేయండి.

వాల్వులు తీశారు కాబట్టి సీట్లకు గ్రైండింగ్ పేస్టుతో పట్టు వేస్తే ఈ ఖర్చులోనే అయిపోతుంది. ఆ పేస్టుని హెడ్ ముఖానికి మాత్రం రాయకండి. మెత్తటి అల్యూమినియంలో రేణువులు గుచ్చుకుని అక్కడే ఉండిపోతాయి.

కడగడం రుద్దడమంత ముఖ్యం. ముందు డీజిల్లో, తర్వాత వేడినీళ్లు, సబ్బుతో, పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి. బోల్టు రంధ్రాలు, ప్లగ్గు మరలు, వాల్వు గైడ్లు, ఆయిల్ తిరిగి వెళ్లే దారులు అన్నిట్లో బ్రష్షు తిప్పాలి. గైడ్లలో సన్నటి గుడ్డ పీలిక దూర్చి లాగండి. పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటనంత వరకూ కడుగుతూనే ఉండాలి. మిగిలిన ఒక్క చిటికెడు పొడి బోరులోకి దిగితే రింగులు అరిగిపోతాయి.

ఇక బ్లాక్ ముఖం. దీన్ని కూడా స్ట్రెయిట్ ఎడ్జ్‌తో కొలవండి, మీ మెకానిక్ బహుశా కొలిచి ఉండడు. ఇక్కడ చేత్తో సరిచేయడానికి హద్దుంది. చుట్టూ అల్యూమినియం, మధ్యలో బోరుకు ఇనప లైనరు. రుద్దితే మెత్తటి అల్యూమినియం ముందు పోతుంది, ఇనుము ఎత్తుగా మిగులుతుంది. అందుకని బ్లాక్ మీద నేను చేయమనేది రెండే పనులు. ఒకటి, బోల్టు రంధ్రాల అంచు చూడటం. ఎక్కువ బిగించినప్పుడు మొదటి మర పైకి లాక్కుని వచ్చి చిన్న గట్టులా లేస్తుంది, హెడ్ అక్కడే ఆని మిగతా చోట సందు మిగులుతుంది. రంధ్రం కంటే పెద్ద డ్రిల్ బిట్టు చేత్తో పట్టుకుని రెండు చుట్లు తిప్పితే ఆ గట్టు పోతుంది. రెండోది, చదునైన నూనెరాయితో పైపైన ఎత్తులు మాత్రం తీయడం. పిస్టన్‌ని కాస్త కిందికి దించి, చుట్టూ సందులో గ్రీజు నింపి, పుష్ రాడ్ గదిలో గుడ్డ కుక్కాకే ఆ పని మొదలుపెట్టాలి. అయ్యాక గ్రీజుతో పాటు పొడి కూడా తుడిచేయొచ్చు. బ్లాక్‌లో 0.10 దాటి వంపు ఉంటే ఇంటి పని కాదు, లేత్‌కి ఇవ్వండి.

కొత్త గ్యాస్కెట్ పొడిగానే వేయండి. అనబాండ్ లాంటి పేస్టు హెడ్ గ్యాస్కెట్‌కు రాయొద్దు. గుల్ల పిన్నులు మరిచిపోవద్దు. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు నిలిచి ఉంటే ముందు ఊదేయండి. ఈ ఇంజన్ హెడ్ బోల్టుల బిగింపు 24 న్యూటన్ మీటర్లు. చేతి లెక్కన బిగించడం వల్లే సగం హెడ్లు వంగుతాయని నా నమ్మకం. ఒక బోల్టు ప్రాణం పోయేలా, ఇంకోటి వదులుగా. టార్క్ రెంచ్ లేకపోతే పత్తి తూకానికి వాడే చిన్న కొక్కెం కాటా తీసుకోండి. బోల్టు మధ్య నుంచి పానా కాడ మీద 25 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, అక్కడ కాటా తగిలించి, కాడకు సరిగ్గా లంబంగా లాగండి. కాటా 4 కిలోలు చూపిస్తే సుమారు 10 న్యూటన్ మీటర్లు, 7.3 చూపిస్తే 18, 9.8 చూపిస్తే 24. మొదటి విడతలో నాలుగు బోల్టులూ ఎదురెదురుగా 4 కిలోల దాకా, తర్వాత 7.3, చివర 9.8. అంతకు మించి ఒక్క లాగు కూడా వద్దు, బ్లాక్ అల్యూమినియం, మర ఊడి చేతిలోకి వస్తుంది.

ఇంత చేసినా, హెడ్ ఎందుకు వంగిందో కనిపెట్టకపోతే వచ్చే సీజన్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. అల్యూమినియం వేడికి ఇనుము కంటే దాదాపు రెండింతలు సాగుతుంది. ఒక పక్క అతిగా వేడెక్కి, బోల్టులు పట్టి ఉంచితే, చల్లారాక అది మునుపటి ఆకారానికి రాదు. పత్తి చేలో నడిచే వీడర్ ఫ్యాన్ కవర్ ఒక్కసారి విప్పి చూడండి. తాడు లాగే వైపు జాలీ గుండా పత్తి పీచు, ఎండు ఆకు, ధూళి లోపలికి పోయి హెడ్ రెక్కల మధ్య గట్టిపడి ఉంటుంది. దానికి ఆయిల్ తోడైతే మట్టిగోడే. బయటికి ఏమీ కనిపించదు, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం హెడ్‌కు తగలదు. సీజన్లో రోజూ ఆపాక పైపైన ఊదడం, పది రోజులకోసారి కవర్ విప్పి రెక్కల మధ్య చెక్కపుల్లతో తీయడం అలవాటు చేసుకోండి. ఇంజన్ ఆయిల్ సుమారు 0.6 లీటరే పడుతుంది, 100 మిల్లీలీటర్లు తగ్గినా ఎక్కువే తగ్గినట్టు. తాడు లాగే ముందు ఆయిల్ చూడండి. కార్బొరేటర్ చెత్తతో మూసుకుని పెట్రోలు తక్కువగా అందుతున్నా హెడ్ విపరీతంగా వేడెక్కుతుంది. చోక్ సగం వేస్తే తప్ప నడవని ఇంజన్‌ని అలాగే నడుపుతున్నారేమో గుర్తు చేసుకోండి.

మీ పక్క చేలో ఎవరైనా డీజిల్ ఇంజన్‌కు ఇదే చేద్దామంటే వద్దని చెప్పండి. వాటిలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కు మధ్య సందు చాలా తక్కువ. లెక్క తప్పితే వాల్వు పిస్టన్‌కు తగులుతుంది. పైగా చాలావాటి హెడ్ పోత ఇనుముది, చేత్తో రుద్దే ఎమరీకి అంత తేలిగ్గా లొంగదు.

బిగించాక ఆరుబయట స్టార్ట్ చేసి, లోడు లేకుండా పది నిమిషాలు నడపండి. గ్యాస్కెట్ అంచు వెంట సబ్బు నీళ్లు చల్లితే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి, ఇది మాత్రం హెడ్ బాగా వేడెక్కకముందే చేయాలి. రెండు రోజులు తేలిక పని చేయించి, రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున అదే కాటాతో బోల్టులు 9.8 దగ్గర నిలుస్తున్నాయో లేదో చూసి, ట్యాపెట్ సందులు మళ్లీ కొలవండి. అప్పటికీ లీకు అదే చోట కనిపిస్తే ఇంకో గ్యాస్కెట్ కొనకుండా, హెడ్, బ్లాక్ రెండింటి కొలతలూ, కాలిన గ్యాస్కెట్ ఫోటో జతచేసి నాకు రాయండి.